చెర, ప్రవాసం, జ్ఞాపకం: పత్రీసియో గుజ్మాన్ ‘నోస్టాల్జియా దె లా లూస్’ డాక్యుమెంటరీ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చిలీ దేశంలో 1973 నుంచి 1990 వరకు సాగిన సైనిక నియంతృత్వం వేలాది మందిని చెరపట్టింది, చంపింది, మాయం చేసింది. లక్షలాది మందిని దేశం విడిచి వెళ్లేలా చేసింది. ఆ కాలంలో స్వయంగా నిర్బంధానికి గురై ప్రవాసంలో స్థిరపడిన దర్శకుడు పత్రీసియో గుజ్మాన్ 2010లో తీసిన ‘నోస్టాల్జియా దె లా లూస్’ డాక్యుమెంటరీని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చెర నుంచి బతికి బయటపడడం అంటే ప్రాణం నిలుపుకోవడం మాత్రమేనా? బతికినవారు తమతో ఏమి తెచ్చుకున్నారు? ఖగోళశాస్త్రంతో రాజకీయ హింసను ముడిపెట్టడం నేరాన్ని పలుచన చేస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు చిత్రంలోని సాక్ష్యాల ఆధారంగా సమాధానాలు వెతకడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: చిలీ, సైనిక నియంతృత్వం, రాజకీయ ఖైదీలు, ప్రవాసం, జ్ఞాపకం, డాక్యుమెంటరీ, అటకామా ఎడారి, పత్రీసియో గుజ్మాన్.

1. ఉపోద్ఘాతం

రాజకీయ ఖైదు గురించిన చిత్రాలు సాధారణంగా జైలు గోడల మధ్య మొదలవుతాయి. అరెస్టు, విచారణ, చిత్రహింస, విడుదల అనే క్రమంలో కథ నడుస్తుంది. ప్రేక్షకుడు బాధితునితో పాటు లోపలికి వెళ్లి, అతనితో పాటు బయటికి వస్తాడు. విడుదలతో కథ ముగుస్తుంది. బతికి బయటపడినవారి జీవితంలో అసలు ప్రశ్నలు మొదలయ్యేది విడుదల తరువాతనే అన్న సంగతి ఈ నిర్మాణంలో మరుగున పడుతుంది.

‘నోస్టాల్జియా దె లా లూస్’ ఈ క్రమాన్ని పాటించదు. ఒక పాత జర్మన్ టెలిస్కోపు చక్రాలు కదిలి, పైకప్పు తెరుచుకుని, గదిలోకి వెలుగు రావడంతో చిత్రం మొదలవుతుంది. తొలి భాగంలో రాజకీయాల ప్రస్తావన చాలా తక్కువ. దర్శకుని బాల్యం, వంటింటి కిటికీ, ఆకాశం మీద అతనికి ఉన్న మక్కువ ముందుగా వస్తాయి. తరువాత ఎడారి వస్తుంది, ఎడారిలోని అబ్జర్వేటరీలు వస్తాయి. ఆ తరువాతే ఖైదీలు, ప్రవాసులు, ఎముకల కోసం ఇసుకను తవ్వుతున్న స్త్రీలు మనకు కనబడతారు. 90 నిమిషాల ఈ చిత్రంలో చిత్రహింసను పునర్నటించిన దృశ్యం ఒక్కటీ లేదు. బతికి ఉన్నవారి ముఖాలు, మాటలు, చేతులు మాత్రమే ఇందులో ఆధారాలు.

శీర్షికలోని ‘నోస్టాల్జియా’ అనే పదం ‘ఇల్లు చేరడం’, ‘నొప్పి’ అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక. తెలుగులో దీనికి దగ్గరగా నిలిచేది ‘బెంగ’. గతాన్ని తలచుకుని మురిసిపోవడం బెంగ కాదు; దూరమైనదాని కోసం మనసు కుంగి, ఒళ్లు చిక్కడం బెంగ. ‘వెలుగు మీద బెంగ’ అని అనువదించుకుంటే శీర్షిక స్వభావం తెలుస్తుంది.

2. చారిత్రక నేపథ్యం

1970 సెప్టెంబరు ఎన్నికల్లో సోషలిస్టు నాయకుడు సాల్వడార్ అలెండే చిలీ అధ్యక్ష పదవికి అర్హత సాధించాడు. వామపక్షాల కూటమి అయిన ‘పాపులర్ యూనిటీ’ రాగి గనులను జాతీయం చేసింది, భూసంస్కరణలను విస్తరించింది. 1973 సెప్టెంబరు 11న సైన్యం తిరుగుబాటు చేసి అధ్యక్ష భవనంపై బాంబులు వేసింది. అలెండే ఆ భవనంలోనే మరణించాడు. జనరల్ అగస్తో పినోచెట్ నాయకత్వంలో ఏర్పడిన సైనిక పాలన 1990 మార్చి వరకు కొనసాగింది. 1988 అక్టోబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు పినోచెట్‌ను తిరస్కరించడంతో ఆ పాలన అంతానికి దారి ఏర్పడింది.

ఈ 17 ఏళ్లలో హత్యకు గురైనవారు, మాయం చేయబడినవారు కలిసి మూడు వేలకు పైగా ఉంటారని ఆ తరువాత ఏర్పడిన అధికారిక కమిషన్లు నిర్ధారించాయి. 1991 నాటి రెట్టిగ్ కమిషన్ నివేదిక ప్రధానంగా మరణించినవారి గురించి మాట్లాడింది. రాజకీయ ఖైదుకు, చిత్రహింసకు గురై బతికినవారి లెక్క అధికారికంగా తేలడానికి 2004 నాటి వలేచ్ కమిషన్ వరకు ఆగవలసి వచ్చింది. ఆ కమిషన్ తొలి విడతలో 27 వేలకు పైగా వ్యక్తులను బాధితులుగా గుర్తించింది. అంటే చనిపోయినవారి కంటే బతికినవారి సాక్ష్యం పదమూడేళ్లు ఆలస్యంగా రాజ్యం చెవికి ఎక్కింది. బతికినవారు ఎదుర్కొనే ప్రత్యేక సమస్య ఇక్కడే ఉంది. ‘నువ్వు ప్రాణాలతో ఉన్నావు కదా’ అనే ఒక్క మాట వారి నోరు కట్టేస్తుంది.

ప్రవాసం ఆ పాలనలో ఒక శిక్షాసాధనం. అనుమతి లేకుండా దేశంలోకి తిరిగి రాకూడదనే నిషేధానికి గురైనవారి పాస్‌పోర్టులపై ‘ఎల్’ అనే అక్షరం ముద్రించేవారు. 1988లో మాత్రమే ఈ నిషేధాన్ని పూర్తిగా ఎత్తివేశారు. రాజకీయ, ఆర్థిక కారణాలతో దేశం విడిచినవారు రెండు లక్షల వరకు ఉంటారన్నది తరచుగా కనిపించే అంచనా.

3. దర్శకుడు: చెర నుంచి ప్రవాసం వరకు

1941లో సాంతియాగోలో జన్మించిన గుజ్మాన్ అలెండే ప్రభుత్వ చివరి నెలలను వీధుల్లో తిరుగుతూ చిత్రీకరించాడు. ముడి ఫిల్ము కొరతగా ఉన్న ఆ రోజుల్లో ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ దానిని పంపి ఆదుకున్నాడు. సైనిక తిరుగుబాటు తరువాత గుజ్మాన్‌ను సాంతియాగోలోని జాతీయ క్రీడా మైదానంలో రెండు వారాలు నిర్బంధించారు. ఆటలకోసం కట్టిన ఆ మైదానాన్ని అప్పుడు వేలాది మందిని బంధించే శిబిరంగా మార్చారు. విడుదలైన తరువాత అతడు దేశం విడిచాడు. చిత్రీకరించిన రీళ్లు స్వీడన్ రాయబార కార్యాలయం సహాయంతో ఓడలో దేశం దాటాయి. వాటిని క్యూబాలో కూర్చి ‘ది బాటిల్ ఆఫ్ చిలీ’ పేరుతో మూడు భాగాలుగా 1975, 1976, 1979 సంవత్సరాల్లో విడుదల చేశారు.

ఆ చిత్రానికి కెమెరా పట్టిన హోర్హె ముల్లర్ సిల్వా దేశంలోనే ఉండిపోయాడు. 1974 నవంబరులో రహస్య పోలీసులు అతడిని పట్టుకుపోయారు. అతడు తిరిగి రాలేదు. ఒకే చిత్రం తీసిన ఇద్దరిలో ఒకరికి ప్రవాసం దక్కింది, మరొకరు మాయం చేయబడ్డారు. గుజ్మాన్ తరువాతి చిత్రాలన్నింటి వెనుక ఈ తేడా ఉందని గ్రహించకపోతే వాటి స్వరం అర్థం కాదు.

గమనించవలసిన మరొక అంశం ఉంది. ‘నోస్టాల్జియా దె లా లూస్’లో దర్శకుడు తన గొంతుతోనే వ్యాఖ్యానం చెబుతాడు. తన బాల్యం గురించి మాట్లాడతాడు. కాని తన నిర్బంధ అనుభవాన్ని వివరించడు. తానే బాధితుడై ఉండి ఇతరుల సాక్ష్యానికి చోటు ఇవ్వడం ఈ చిత్రంలో ఒక నైతిక నిర్ణయం.

2010లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఈ చిత్రం అదే ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అకాడమీ ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారం పొందింది. సముద్రాన్ని ఆధారం చేసుకున్న ‘ది పెర్ల్ బటన్’ (2015), ఆండీస్ పర్వతశ్రేణిని ఆధారం చేసుకున్న ‘ది కోర్డియెరా ఆఫ్ డ్రీమ్స్’ (2019) దీని తరువాత వచ్చాయి. ఈ మూడింటిని కలిపి ఒక చిత్రత్రయంగా పరిగణిస్తారు.

4. స్థలం: అటకామా ఎడారి

చిలీ ఉత్తర ప్రాంతంలోని అటకామా భూమిపై అత్యంత పొడిగా ఉండే ప్రదేశాల్లో ఒకటి. గాలిలో తేమ దాదాపు లేకపోవడం, ఎత్తు, మబ్బులేని ఆకాశం కలిసి ఖగోళ పరిశీలనకు దీన్ని అనువుగా మలిచాయి. 1960ల నుంచి అంతర్జాతీయ సంస్థలు ఇక్కడి కొండలపై అబ్జర్వేటరీలు నిర్మించాయి. అదే పొడితనం మరొక పని కూడా చేస్తుంది. నేలలోని ఉప్పు, తేమలేని గాలి కలిసి మృతదేహాలను కుళ్లనీయవు. వేల ఏళ్లనాటి శవాలు, ఆదిమవాసుల రాతిచిత్రాలు, 19వ శతాబ్దపు గని కార్మికుల సమాధులు ఇక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1990లో పిసాగ్వా శిబిరం వద్ద బయటపడిన సామూహిక సమాధిలోని దేహాలను కూడా ఉప్పే కాపాడింది. నేరాన్ని దాచడానికి ఎంచుకున్న నేల సాక్ష్యాన్ని భద్రపరిచింది.

చిత్రంలో ఈ రెండు పనులను ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరిస్తారు. మనం చూసేది ఏదీ వర్తమానం కాదని ఖగోళ శాస్త్రవేత్త గాస్పర్ గలాస్ చెబుతాడు. సూర్యకాంతి మనను చేరడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది. చంద్రుని నుంచి వచ్చే వెలుగు కూడా ఒక సెకనుకు పైగా పాతది. దూరపు నక్షత్రాల విషయం చెప్పనక్కరలేదు. పురావస్తు శాస్త్రవేత్త లౌతారో నూన్యెస్ నేలలోని గతం గురించి మాట్లాడతాడు. చిలీ తన సుదూర గతాన్ని శ్రద్ధగా చదువుతుందని, దగ్గరి గతాన్ని మాత్రం కప్పిపెడుతుందని ఆయన విమర్శ. ఆదిమవాసులను అంచులకు నెట్టిన చరిత్ర, 19వ శతాబ్దపు సురేకారం గనుల చరిత్ర, చివరికి నియంతృత్వ చరిత్ర ఇలా వరుసగా మరుగుపరచబడ్డాయి.

ఈ గనుల ప్రస్తావన యాదృచ్ఛికం కాదు. చకబుకో అనే సురేకారం గనుల పట్టణం కృత్రిమ నత్రజని ఎరువుల రాకతో మూతపడింది. అలెండే ప్రభుత్వం 1971లో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించింది. రెండేళ్లకే సైనిక పాలన దాన్ని ఖైదీల శిబిరంగా మార్చింది. కార్మికులు నివసించిన వరుస గదులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. చుట్టూ ముళ్లకంచె వేయడమే కొత్తగా చేయవలసిన పని అని చిత్రంలోని వ్యాఖ్యానం గుర్తుచేస్తుంది. శ్రమదోపిడీకి కట్టిన గది రాజకీయ ఖైదుకు ఏ మార్పూ లేకుండా పనికి వచ్చిందన్న ఈ ఒక్క పరిశీలన ఒక శతాబ్దపు చరిత్రను సంగ్రహిస్తుంది.

5. చెరలో నిలిచిన జ్ఞానం

5.1 నక్షత్రపాఠాలు

చకబుకోలో బందీగా ఉన్న లూయిస్ ఎన్రికేస్ చిత్రంలో ముఖ్యమైన సాక్షి. ఖైదీల్లో ఖగోళశాస్త్రం తెలిసిన ఒక వైద్యుడు ఉండేవాడు. ఆయన చుట్టూ సుమారు ఇరవై మంది చేరి పగలు సిద్ధాంతం, రాత్రి పరిశీలన నేర్చుకున్నారు. నక్షత్రరాశుల స్థానాన్ని గుర్తించే చిన్న పరికరాన్ని కూడా తయారు చేసుకున్నారు. కొంతకాలానికి సైనికాధికారులు ఈ పాఠాలను నిషేధించారు. నక్షత్రాల ఆధారంగా దిక్కు తెలుసుకుని ఖైదీలు పారిపోతారని వారి భయం.

ఈ భయంలో ఒక సత్యం ఉంది. దిక్కు తెలిసిన మనిషిని బంధించడం కష్టం. ఎడారి మధ్యలో శిబిరం పెట్టడం వెనుక ఉన్న ఉద్దేశం ఖైదీకి స్థలస్పృహ లేకుండా చేయడమే. తాను ఎక్కడ ఉన్నాడో తెలియనివాడు తానెవరో కూడా క్రమంగా మరచిపోతాడు. ఆకాశం వైపు చూసినప్పుడు తమకు స్వేచ్ఛ అనుభవంలోకి వచ్చేదని ఎన్రికేస్ చెబుతాడు. దీన్ని కేవలం కవితాత్మకమైన మాటగా తీసుకోకూడదు. సమయాన్నీ, స్థలాన్నీ కొలిచే అధికారం ఖైదీల చేతికి తిరిగి వచ్చింది. పాలకులు నిషేధించింది ఆ అధికారాన్నే.

దశాబ్దాల తరువాత ఆ శిథిలాల్లో నడుస్తూ ఎన్రికేస్ గోడల మీద ఖైదీలు గీసుకున్న పేర్లను వెతికి చూపుతాడు. అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి. అతడికి ఆ పేర్లు తెలుసు కనుక చదవగలుగుతున్నాడు. తెలియనివారికి అవి గోడమీది గీతలే. సాక్షి లేని ఆధారం ఎంత బలహీనమైనదో ఈ దృశ్యం వాదన లేకుండానే చెబుతుంది.

5.2 అడుగులతో కొలిచిన శిబిరం

అలెండే ప్రభుత్వంలో పట్టణాభివృద్ధి సంస్థకు నాయకత్వం వహించిన వాస్తుశిల్పి మిగెల్ లానర్‌ను తిరుగుబాటు తరువాత దక్షిణాన మాజెల్లాన్ జలసంధిలోని డాసన్ దీవిలోనూ, ఆ తరువాత ఇతర శిబిరాల్లోనూ బంధించారు. తాను ఉన్న శిబిరాలను ఆయన తన అడుగులతో కొలిచాడు. నడక వ్యాయామంగా పైకి కనబడేది. గది ఎన్ని అడుగులు, గోడ నుంచి కంచెకు ఎంత దూరం, కావలి బురుజు ఎక్కడ అన్న లెక్క లోపల జరిగేది. రాత్రివేళ ఆ కొలతలతో బొమ్మ గీసి, మనసులో నిలుపుకుని, తెల్లవారేలోగా చింపి పారవేసేవాడు. డెన్మార్క్‌లో ప్రవాసం గడుపుతున్న కాలంలో వాటిని జ్ఞాపకం నుంచి మళ్లీ గీశాడు. శిబిరాలను తొలగించినా వాటి నమూనాలు నిలిచిపోయాయి.

కెమెరా ముందు లానర్ తన గదిలోనే అడుగులు లెక్కపెడుతూ నడిచి చూపిస్తాడు. వృద్ధుడైన ఆ మనిషి నడకలో పాత కొలతలు ఇంకా సజీవంగా ఉన్నాయి. జ్ఞాపకం అనగానే మనం మనసుకు సంబంధించినదిగా భావిస్తాం. లానర్ విషయంలో అది వృత్తినైపుణ్యం, కాళ్ల అలవాటు. శిబిరం అతడి వృత్తిని తీసేసుకోలేకపోయింది; అతడే తన వృత్తిని శిబిరం మీద ప్రయోగించాడు.

ఆ దృశ్యంలో అతని పక్కన భార్య అనితా ఉంటుంది. ఆమెకు అల్జీమర్స్ వ్యాధి. ఏదీ మరువని భర్త, అన్నీ మరచిపోతున్న భార్య ఒకే ఇంట్లో ఉన్నారు. ఈ దంపతులను దర్శకుడు చిలీ దేశానికి రూపకంగా చూస్తాడు. ఈ పోలికను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అనితా మరుపు వ్యాధి ఫలితం. దేశం మరుపు చాలావరకు ఎంపిక. దర్శకుని వ్యాఖ్య ఈ తేడాను వివరించకపోయినా, భర్త ఆమె చేయి పట్టుకుని నడిచే తీరు మాత్రం మరచినవారిపై కోపాన్ని కాక ఓర్పును సూచిస్తుంది.

6. ప్రవాసం: రెండు తరాల అనుభవం

లానర్‌ది తొలి తరం ప్రవాసం. వారికి పోగొట్టుకున్న దేశం ఒకటి ఉంది, తిరిగి రావాలన్న ఆశ ఉంది. ప్రవాసంలో పుట్టిన రెండో తరం పరిస్థితి వేరు. తల్లిదండ్రులు జర్మనీలో తలదాచుకున్న కాలంలో పుట్టి పెరిగి, పెద్దయ్యాక చిలీకి వచ్చి ఖగోళ పరిశోధన కేంద్రంలో ఇంజనీరుగా పనిచేస్తున్న విక్తర్ ఈ తరానికి ప్రతినిధి. తాను ఏ చోటికీ చెందని బిడ్డనన్న భావాన్ని అతడు వ్యక్తం చేస్తాడు. అక్కడ అతడు చిలీ వాడు, ఇక్కడ జర్మనీ నుంచి వచ్చినవాడు. తిరుగు ప్రయాణం టికెట్టు కొన్నంత మాత్రాన ప్రవాసం ముగియదు. అది వారసత్వంగా సంక్రమిస్తుంది.

విక్తర్ తల్లి చిలీకి తిరిగి వచ్చి, హింసకు గురైనవారికి, తమవారిని పోగొట్టుకున్నవారికి స్పర్శ చికిత్స చేస్తోంది. కొడుకు సుదూర గెలాక్సీల నుంచి వచ్చే సంకేతాలను గ్రహించే యంత్రాల మీద పనిచేస్తుంటే, తల్లి సాటి మనుషుల వీపుల్లో గడ్డకట్టిన భయాన్ని చేతులతో కరిగించే ప్రయత్నం చేస్తోంది. దర్శకుడు ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి ఏమీ అనకుండా ఊరుకుంటాడు.

7. కలామా స్త్రీల వెతుకులాట

1973 అక్టోబరులో జనరల్ సెర్హియో అరెయానో స్టార్క్ నాయకత్వంలోని సైనిక బృందం హెలికాప్టర్‌లో పట్టణం నుంచి పట్టణానికి తిరుగుతూ ఖైదీలను చంపింది. చరిత్రలో ‘మృత్యు యాత్ర’గా నిలిచిన ఈ ఘటనల్లో అక్టోబరు 19న కలామాలో 26 మందిని హతమార్చారు. దేహాలను బంధువులకు ఇవ్వలేదు, ఎడారిలో పూడ్చారు. తరువాతి కాలంలో ఆ గోతులను యంత్రాలతో తిరిగి తవ్వి దేహాలను వేరేచోటికి తరలించారు. 1990లో ఒక గోతి దొరికినప్పుడు అక్కడ యంత్రాల పళ్లకు తప్పిపోయిన ఎముకల ముక్కలే మిగిలాయి.

చనిపోయినవారి భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు పారలతో, చేతులతో ఎడారిని వెతికారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆ వెతుకులాటను వియోలెతా బెర్రియోస్, విక్టోరియా సావేద్రా చిత్రంలో వివరిస్తారు. ఆకాశాన్ని చూసే టెలిస్కోపులు భూమిలోకి కూడా చూడగలిగితే ఎంత బాగుండునని వియోలెతా అంటుంది. శాస్త్రసాంకేతికత ఎవరి ప్రశ్నలకు జవాబు చెబుతుంది, ఎవరి ప్రశ్నలను పట్టించుకోదు అన్న విమర్శ ఈ కోరికలో ఉంది.

విక్టోరియాకు తన సోదరుని దేహంలో దొరికినవి కొన్ని ముక్కలు మాత్రమే. వాటిలో మేజోడుతో, బూటుతో సహా ఒక పాదం ఉంది. ఆ పాదంతో తాను ఇంట్లో ఒంటరిగా గడిపిన గంటల గురించి ఆమె చెబుతుంది. అది తమ పునఃసమాగమమని, సోదరుడు చనిపోయాడని తాను అప్పుడే అంగీకరించగలిగానని ఆమె మాటల సారాంశం. పదిహేడేళ్లుగా ఆమెకు మరణవార్త తెలుసు. అయినా మరణం జరగలేదు. ఆ పాదం చేతికి వచ్చిన రోజున జరిగింది.

7.1 ‘మాయం’ అనే పదం: ఒక భాషాపరమైన పరిశీలన

ఇటువంటి బాధితులకు స్పానిష్‌లో వాడే పదం మూలార్థం ‘కనబడకుండా పోయినవారు’. ఆ క్రియ సాధారణంగా అకర్మకం. లాటిన్ అమెరికా నియంతృత్వాల కాలంలో జనం దాన్ని సకర్మకంగా వాడడం మొదలుపెట్టారు. ‘అతడు కనబడకుండా పోయాడు’ అనే చోట ‘అతడిని కనబడకుండా చేశారు’ అనే ప్రయోగం వచ్చింది. వ్యాకరణంలో వచ్చిన ఈ చిన్న మార్పుతో కర్త బోనెక్కాడు.

తెలుగులో ఈ అంశంపై రాసేవారు సాధారణంగా ‘అదృశ్యమైనవారు’, ‘గల్లంతైనవారు’, ‘తప్పిపోయినవారు’ అని వాడుతుంటారు. ఈ మూడూ అకర్మకాలే. ‘గల్లంతు’ వరదలకు, పడవ ప్రమాదాలకు వాడే మాట. ‘తప్పిపోవడం’ జాతరలో పిల్లవానికి జరిగేది. ఇక్కడ నేరం చేసినవాడు వాక్యం నుంచే తప్పుకుంటాడు. ‘మాయమవు’, ‘మాయంచేయు’ అనే జంట తెలుగులో సహజంగా ఉంది. కాబట్టి ‘మాయం చేయబడినవారు’ అనడమే ఈ సందర్భంలో ఉచితం. కర్మణి ప్రయోగం తెలుగు నుడికారానికి బరువైనదే అయినా, కర్త ఉన్నాడని గుర్తుచేసే బాధ్యతను అది నెరవేరుస్తుంది. వీలైనచోట ‘సైన్యం మాయం చేసినవారు’ అని కర్తను చెప్పి రాయడం మరింత మేలు.

8. వాలెంతీనా: తరువాతి తరం చూపు

ఖగోళ సంస్థలో పనిచేసే వాలెంతీనా రోద్రీగెస్‌కు ఏడాది వయసున్నప్పుడు ఆమె తల్లిదండ్రులను సైనిక పాలకులు పట్టుకుని మాయం చేశారు. అంతకు ముందు ఆమె తాతయ్య, అమ్మమ్మలను నిర్బంధించి, బిడ్డల ఆచూకీ చెప్పకపోతే మనవరాలికి ప్రాణహాని తప్పదని బెదిరించారు. వారు చెప్పవలసి వచ్చింది. మనవరాలిని పెంచి పెద్దచేసింది కూడా వారే. చిత్రంలో ఆ వృద్ధ దంపతులు సోఫాలో మౌనంగా కూర్చుని కెమెరా వైపు చూస్తారు. దర్శకుడు వారిని ఒక్క ప్రశ్న కూడా అడగడు. చెరలో పడినవారే కాదు, ఎవరో ఒకరిని కాపాడడానికి మరొకరిని వదులుకోవలసి వచ్చినవారు కూడా ఆ పాలన నుంచి బతికి బయటపడినవారే. వారి అనుభవాన్ని చెప్పే మాటలు లేవు కనుక చిత్రం ఆ మౌనాన్నే నమోదు చేసింది.

ఖగోళశాస్త్రం తన దుఃఖానికి మరొక కొలమానం ఇచ్చిందని వాలెంతీనా చెబుతుంది. పదార్థం ఒక చక్రంలో తిరుగుతుందని, నక్షత్రాలు చనిపోతేనే కొత్త నక్షత్రాలు పుడతాయని తెలుసుకోవడం ఆమెకు ఊరట. తనలో తయారీ లోపం ఉన్నా తన పిల్లల్లో అది లేదని ఆమె అంటుంది. మన ఎముకల్లోని కాల్షియం నక్షత్రాల్లో తయారైనదేనని ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ప్రెస్టన్ చేసే వివరణ ఈ భావానికి శాస్త్రపరమైన ఆధారం. ఎముకను అతి దగ్గరగా చూపినప్పుడు అది గ్రహతలంలా కనబడుతుంది.

9. చర్చ: పోలిక నేరాన్ని పలుచన చేస్తుందా?

ఈ చిత్రంపై తీవ్రమైన ఆక్షేపణ ఇక్కడే తలెత్తుతుంది. హత్యకు కర్త ఉంటాడు, తేదీ ఉంటుంది, ఆజ్ఞాపత్రం ఉంటుంది. నక్షత్ర మరణానికి ఇవేవీ ఉండవు. ఎముకలోని కాల్షియాన్ని, నక్షత్రంలోని కాల్షియాన్ని ఒకటిగా చూపితే రాజకీయ నేరం ప్రకృతి నియమంగా మారిపోదా? పైగా చిత్రంలో నేరస్థుల ముఖాలు లేవు. తిరుగుబాటుకు దారితీసిన వర్గ ప్రయోజనాలు, అమెరికా ప్రభుత్వ పాత్ర వంటి అంశాల చర్చ లేదు. 1978లో సైనిక పాలన తనకు తానే క్షమాభిక్ష పెట్టుకున్న చట్టం ప్రస్తావనకు రాదు.

ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. ఈ ఒక్క చిత్రాన్ని మాత్రమే చూసిన విద్యార్థికి చిలీ చరిత్ర అర్థం కాదు. ‘ది బాటిల్ ఆఫ్ చిలీ’తోను, లండన్‌లో 1998లో జరిగిన పినోచెట్ అరెస్టుపై ఇదే దర్శకుడు తీసిన ‘ది పినోచెట్ కేస్’ (2001)తోను కలిపి దీన్ని చదవాలి. అయితే పోలిక విషయంలో చిత్రమే ఒక హద్దు గీసింది. ఖగోళ శాస్త్రజ్ఞుల అన్వేషణకు, ఆ స్త్రీల అన్వేషణకు పోలిక ఉన్నా ఒక ముఖ్యమైన తేడా ఉందని గాస్పర్ గలాస్ స్పష్టంగా చెబుతాడు. రాత్రంతా గతాన్ని పరిశీలించిన తరువాత తాము ప్రశాంతంగా నిద్రపోగలరు. ఆ స్త్రీలు నిద్రపోలేరు. సమాజం ఆ స్త్రీలను మరింత బాగా అర్థం చేసుకోవలసి ఉండగా జరుగుతున్నది అందుకు విరుద్ధమని కూడా అతడు అంటాడు. పోలిక నిలిచే చోటునే కాక విరిగే చోటును కూడా చూపడం వల్ల చిత్రం తనపై రాగల ఆక్షేపణకు కొంతవరకు సమాధానం ఇచ్చుకుంది.

ఊరటకు, తీర్పుకు మధ్య ఉన్న భేదాన్ని కూడా గమనించాలి. నక్షత్ర చక్రం వాలెంతీనాకు ఊరట. అది ఆమె హక్కు. కాని వియోలెతా, విక్టోరియా ఊరట కోరడం లేదు. పూర్తి దేహాన్ని కోరుతున్నారు. వాలెంతీనా ఊరటను ప్రమాణంగా చూపి ఆ ఇద్దరినీ సమాధానపడమనే ప్రయత్నం చిత్రంలో ఎక్కడా లేదు. చివరిలో ఈ ఇద్దరు స్త్రీలు గలాస్ పక్కన నిలబడి టెలిస్కోపులోంచి ఆకాశాన్ని చూస్తారు. వారి ముఖాల్లో ఆనందం కనబడుతుంది. అది వెతుకులాటకు విరామమే కాని ముగింపు కాదు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. రాజకీయ చెర నుంచి బతికి బయటపడడాన్ని ఈ చిత్రం ప్రాణాలతో మిగలడంగా కాక, కొలిచే శక్తిని నిలుపుకోవడంగా నిర్వచిస్తుంది. ఎన్రికేస్ నక్షత్ర పరికరం, లానర్ అడుగుల లెక్క, కలామా స్త్రీల ఇసుక పరిశీలన ఒకే కోవకు చెందిన పనులు.

2. ప్రవాసం తిరిగి రావడంతో ముగియదు. అది రెండో తరానికి మరొక రూపంలో సంక్రమిస్తుంది.

3. ఆధారం ఒక్కటే చాలదు. గోడమీది పేరును చదవగల సాక్షి జీవించి ఉండగానే సాక్ష్యాన్ని నమోదు చేయాలి. 2004 కమిషన్ బతికినవారి మాట వినేనాటికి మూడు దశాబ్దాలు గడిచాయి.

4. ఖగోళ పోలిక నేరాన్ని ప్రకృతిలో కలిపే ప్రమాదం ఉన్నదే. పోలిక హద్దును చిత్రంలోని శాస్త్రజ్ఞుడే చెప్పడం వల్ల ఆ ప్రమాదం తగ్గింది. అయినా చారిత్రక కారణాల కోసం గుజ్మాన్ ఇతర చిత్రాలను ఆశ్రయించక తప్పదు.

5. ఇటువంటి అంశాలపై తెలుగులో రాసేటప్పుడు కర్తను దాచే అకర్మక క్రియలను విడిచి, కర్తను చూపే ప్రయోగాలను ఎంచుకోవడం శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

జ్ఞాపకం ఉన్నవారే పెళుసైన ఈ వర్తమానంలో జీవించగలరని దర్శకుడు చివరన అభిప్రాయపడతాడు. చిత్రంలోని సాక్షులను చూసిన తరువాత దానికి ఒక మాట చేర్చాలనిపిస్తుంది. జ్ఞాపకం మోసేవారి భారాన్ని మిగతావారు పంచుకోకపోతే వారికి నిద్ర ఉండదు. ఆ పని చేయవలసినది టెలిస్కోపు కాదు, సమాజం.